పైపుకి రెండో చివర

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని పెరట్లో గోడల్ని పలకరించి రావడం పెద్దమేస్త్రికి అలవాటు. ఆయన పని మానేసి చాలాకాలమైనా గోడలు ఆయన్ని మానలేదు. ఎక్కడ పెచ్చు లేచింది, ఎక్కడ చెమ్మ పట్టింది, పక్కింటివాళ్ళ ప్రహరీ ఎటు ఒరిగింది, అన్నీ చూసుకుని, ఆ ప్రహరీ కట్టినవాణ్ణి మనసులో నాలుగు తిట్టుకుంటేగానీ ఆయనకి టీ గొంతు దిగదు. ఊళ్ళో సగం ఇళ్ళు తన చేతిమీదుగా లేచాయని ఆయన నమ్మకం. మిగతా సగం ఇంకా ఎలా నిలబడి ఉన్నాయో ఆయనకి అర్థం కాదు.

ఆయన భార్య వంటింటి వెనక గుమ్మంలో ఎత్తుపీట వేసుకుని చిక్కుళ్ళకి నార తీస్తోంది. కూర్చోవడానికి ఎత్తుపీట, లేవడానికి పట్టుకునే గుమ్మం, ఈ రెండూ లేనిచోట ఆమె ఈమధ్య కూర్చోవడం మానేసింది. అందుకే ఎవరింటికీ వెళ్ళడం కూడా మానేసింది. ఆ గుమ్మం నుంచి పెరట్లోకి మూడు మెట్లు. అవి దిగి పెరడంతా దాటితే స్నానాలగది. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రి వేసిన ప్లాను అది. ఇప్పుడామె ఆ మెట్లు పక్కకి తిరిగి, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి దిగుతుంది.

ఆ సమయానికి కూతురు వచ్చింది. ఇంట్లో ఆమె చిట్టి. కీళ్ళూ నడుములూ పట్టేసినవాళ్ళ చేత వ్యాయామం చేయించే క్లినిక్‌లో ఉద్యోగం. పెళ్ళయి నాలుగు వీధుల అవతల ఉంటుంది. డ్యూటీకి వెళ్ళేముందు ఒకసారి ఇటు తొంగిచూసి పోతుంది.

"నాన్నా, మా క్లినిక్‌కి కొత్త తొట్టి వచ్చింది. పాతది నన్ను తీసుకుపొమ్మన్నారు. వేడినీళ్ళ తొట్టి. అమ్మ రోజూ కాసేపు అందులో కూర్చుంటే మోకాళ్ళు కొంచెం వదులవుతాయి."

"మనింట్లో బకెట్టు లేదా?"

"ఇది స్నానానికి కాదు. నీళ్ళు వేడిగా ఉండి, అడుగునుంచి బుడగలుగా తన్నుతుంటాయి. నలుగురు కూర్చోవచ్చు."

"నలుగురు కలిసి ఉడకడానికి మనమేమైనా బంగాళదుంపలమా?" అన్నాడు ఆయన.

గుమ్మంలో తల్లి ఫక్కున నవ్వింది. నవ్వితే పీట కదిలి మోకాలు కలుక్కుమంది. నవ్వు మధ్యలోనే ఆపుకుని చిక్కుడుకాయల మీదకి వంగింది. చిట్టి అది చూసింది. తండ్రి గోడని చూస్తున్నాడు.

"అసలు సంగతి ఏంటంటే, దానికి తగ్గ చోటు ముందు తయారు చెయ్యాలి. నీళ్ళూ మనుషులూ కలిస్తే చిన్న కారంత బరువు. కింద గట్టి కాంక్రీటు పలక కావాలి, మట్టం తప్పకూడదు. కరెంటు విడిగా లైను, నీళ్ళలోంచి చెయ్యి అందని చోట స్విచ్చి. పాత నీళ్ళు పోవడానికి తూము. మోటారు పాడైతే మనిషి దూరడానికి పక్కన జాగా. అన్నిటికన్నా ముఖ్యం, గుమ్మానికి దగ్గర. అమ్మ తడికాళ్ళతో నడవకూడదు."

"నాకు పలక వెయ్యడం చెప్తున్నావా నువ్వు? తాతకి దగ్గులు నేర్పినట్టుంది."

"చెప్పట్లేదు, క్లినిక్‌లోవాళ్ళు చెప్పింది అప్పజెప్తున్నా."

పలక అన్న మాట చెవిన పడగానే మేస్త్రి గ్లాసు గోడమీద పెట్టేశాడు. ఎన్నాళ్ళ తర్వాతో ఆయన నడకలో తొందర కనిపించింది. మేడ మీద అన్న ఆలోచన తనకే వచ్చి, ఆ శ్లాబు ఎంత మొయ్యగలదో తెలుసు గనక తనే కొట్టిపారేశాడు. ఇక చిట్టి చూపు వంటింటి గుమ్మం పక్కకి పోయింది. అక్కడ గుమ్మం ముందరి అరుగుకి ఆనుకుని, అరుగంత ఎత్తులోనే ఒక గట్టు, దాని మీద రేకుల షెడ్డు. అందులో సెంట్రింగు రేకులు, సారవ కర్రలు, తాపీలు, పిడి ఊడిన పారలు, తాడు లేని గిలక.

"ఈ షెడ్డు తీసేస్తే సరిగ్గా సరిపోతుంది నాన్నా. అమ్మ ఒక్క మెట్టు దిగక్కర్లేదు. తూము పక్కనే, కరెంటు గోడ అవతలే."

"షెడ్డు కదలదు. రేపు ఎవరైనా పనికి పిలిస్తే సామాను నెత్తిన పెట్టుకుని తిరగనా?"

ఎవరూ పిలవరని ఆ ముగ్గురికీ తెలుసు. మేస్త్రి పెరటి చివరకి నడిచి, ప్రహరీ మూల దగ్గర నిలబడి, కాలితో నేల తన్ని చూశాడు.

"ఇక్కడ. చాటుగా ఉంటుంది, రోడ్డు మీదవాళ్ళకి కనపడదు. స్నానాలగది తూము కూడా దగ్గరే." భార్య వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఏమంటావే?"

"మీ ఇష్టం," అంది ఆమె.

"విన్నావుగా. మీ అమ్మకి నచ్చింది."

ఇంట్లో ఆడమనిషి "మీ ఇష్టం" అన్నదంటే అది ఒప్పుకోవడం కాదని, తలుపు మూసుకోవడమని చాలామంది మగవాళ్ళకి ఏదో ఒకనాటికి తెలుస్తుంది. పెద్దమేస్త్రికి తెలియలేదు. ఆయన ముఫ్ఫై ఏళ్ళుగా ఆ మాట వింటున్నాడు, విన్నప్పుడల్లా తన ఎంపికకి మార్కులు పడ్డాయనే అనుకున్నాడు. స్నానాలగది పెరటి చివర కడతానన్నప్పుడూ ఆమె అదే మాట అంది.

* * *

పని ఆయనొక్కడే మొదలుపెట్టాడు. అల్లుడు వచ్చి సాయం పడతానంటే, నీ చేతులు కంప్యూటరు మీదే బాగుంటాయి బాబూ అని పంపేశాడు. నేల తవ్వాడు, రాళ్ళు పరిచి దిమ్మిస కొట్టాడు, నాలుగు మూలలా మేకులు పాతాడు. ఇక ఆ మేకుల మీద మట్టం గుర్తులు పెట్టాలి. షెడ్డులోంచి లెవెల్ పైపు తీశాడు.

లెవెల్ పైపంటే వేరే ఏమీ కాదు, నీళ్ళు నింపిన, లోపలి మట్టం బయటికి కనపడే పొడవాటి రబ్బరు పైపు. ఈ చివర నీళ్ళు ఏ ఎత్తులో ఉంటాయో ఆ చివరా అదే ఎత్తులో ఉంటాయి. రసమట్టం కిందపడితే దాని బుడగ బుద్ధి మారుస్తుంది, నీళ్ళు మార్చవు అంటాడు మేస్త్రి. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ ఆ మాట కంఠతా వచ్చు. కాకపోతే పైపుకి ఇద్దరు మనుషులు కావాలి, చివరకొకరు. మోసుకెళ్ళేటప్పుడు నీళ్ళు ఒలికిపోకుండా రెండు చివర్లా గుడ్డ పీలిక కుక్కుతారు. చోటు చేరాక తీస్తారు. ఆ చివర మనిషి "నిలిచింది" అని కేక వేస్తేగానీ ఈ చివర మనిషి సుద్దగీత గియ్యడు.

పెళ్ళయిన కొత్తలో ఆ చివర ఆమే ఉండేది. పైపు కోసం విడిగా కూలిమనిషిని పెట్టుకునే స్తోమత లేని రోజులు. ఆయన గోడ కడుతుంటే ఆమె పైపు పట్టుకునేది. ఈ ఇంటి పునాదులకి కూడా ఆమే పట్టుకుంది. తర్వాత పనులు పెరిగాయి, మనుషులు పెరిగారు, ఆమె ఇంట్లో వంటకి పరిమితమైంది.

"నేను రానా, ఆ చివర పట్టుకుంటాను," అని గుమ్మంలోంచి అడిగింది.

"నీకెందుకు శ్రమ? మేకు ఉందిగా."

ప్రహరీ గోడకి ఒక మేకు కొట్టి పైపు రెండో చివర దానికి కట్టేశాడు. తన చేతిలో చివర గుడ్డ తీసి, మేకు మేకుకీ తిరిగి, కళ్ళు చికిలించి గీతలు గీశాడు. కళ్ళద్దాలు ముసలివాళ్ళకని ఆయన అభిప్రాయం. ఆమె పీట మీద కూర్చుని అంతా చూసింది. ఒకసారి నోరు తెరిచింది కూడా. మళ్ళీ ఏమనుకుందో, లేచి లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

పలక చక్కగా వచ్చింది. దానికి నీళ్ళు పెట్టి తడపడంలో, గోనెపట్టా కప్పడంలో ఆయన చంటిపిల్లకి చేసినంత చేశాడు. తిండి దగ్గర కూడా దాని కబుర్లే. ఎంత గట్టిదో, ఏనుగు నిలబడినా ఏమీ కాదని చెప్పాడు. ఆమె ఊ కొడుతూ వడ్డించింది.

* * *

సెలవురోజు పొద్దున తొట్టి వచ్చింది. మోసినవాళ్ళు గుమ్మం దగ్గర ఆగి, ఇక్కడేగా అన్నారు. అక్కడ కాదు, ఆ చివరకి అంటే ఒకరి మొహాలు ఒకరు చూసుకుని మళ్ళీ ఎత్తారు. కరెంటువాడు వైరు చాలక ఇంకో చుట్ట తెచ్చాడు. మొత్తానికి తొట్టి పలకెక్కింది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక గొట్టం పెట్టి నీళ్ళు వదిలారు.

కాసేపటికి తల్లి చూడటానికి బయల్దేరింది. చిట్టి చెయ్యి ఇవ్వబోతే వద్దంది. మూడు మెట్లూ పక్కకి తిరిగి దిగింది. పెరటి మధ్యలో ఒకసారి ఆగింది, ఆయాసం కోసం కాదు, నొప్పి దిగడం కోసం. ఆమె తొట్టి దగ్గరకి చేరేసరికి నీళ్ళు సగానికి వచ్చాయి. క్లినిక్‌లో రోజూ ఎవరెవరి నడకో కొలిచి రాసే చిట్టి, ఈ నడకని ఇంత దూరం నుంచి ఎప్పుడూ నిలబడి చూడలేదు.

నీళ్ళు పైకి వస్తున్నకొద్దీ మేస్త్రి మొహంలో నవ్వు తగ్గుతూ వచ్చింది.

"నాన్నా, నీళ్ళు చూడు," అంది చిట్టి.

ప్రహరీ వైపు నీళ్ళు అంచుకి వచ్చేశాయి. ఇంటివైపు ఇంకా నాలుగు వేళ్ళు కిందే ఉన్నాయి.

"పాత తొట్టి కదా, వంకర తిరిగి ఉంటుంది."

"నిన్నటిదాకా క్లినిక్‌లో సమంగానే ఉంది."

"నేను లెవెల్ పైపుతో చూశానే. నీళ్ళు అబద్ధం చెప్పవు."

"నేనూ అదే అంటున్నా నాన్నా. ఇవిగో నీళ్ళు."

ఆయన వంగి పలక అంచుని చేత్తో తడిమాడు. లేచి అటూ ఇటూ చూశాడు. గోడ మేకుకి పైపు ఇంకా వేలాడుతూనే ఉంది.

"ఆ చివర గుడ్డ తియ్యలేదు మీరు," అంది ఆయన భార్య.

ఆయన వెళ్ళి చూశాడు. పైపు నోట్లో పీలిక కుక్కినది కుక్కినట్టే ఉంది, ఎండకి బిరుసెక్కి. ఒక చివర మూసుకుంటే నీళ్ళు పైపులో ఎక్కడివి అక్కడే బిగుసుకుంటాయి, ఎక్కడ పెట్టినా అదే మట్టమని చూపిస్తాయి. పని నేర్చుకోవడానికి వచ్చినవాడికి మొదటి రోజు చెప్పే సంగతి అది. ఊళ్ళో సగం ఇళ్ళు కట్టిన మనిషి సొంత పెరట్లో అది మరిచిపోయాడు.

"నీకెలా తెలుసు?"

"ఆ రోజే కనపడింది."

"కనపడితే చెప్పొద్దా? పని అంతా అయ్యాక, పలక ఎండాక, ఇప్పుడా చెప్పడం?"

"మేకు చాలన్నారుగా. మేకుని అడగండి," అంది ఆమె.

ఆమె అలా అనగలదని ఆయనకి తెలియదు. కూతురికీ తెలియదు. చిట్టి వెళ్ళి కుళాయి కట్టేసింది.

"నాన్నా, మట్టం సంగతి తర్వాత. ఇంత దూరం అమ్మ ఎలా వస్తుందనుకున్నావు? తడికాళ్ళతో ఆ మెట్లు ఎలా ఎక్కుతుందనుకున్నావు?"

"అడిగానుగా మీ అమ్మని. నీ ఎదురుగానే అడిగాను. నా ఇష్టమంది. స్నానాలగది కట్టేటప్పుడూ అడిగాను, అప్పుడూ అదే అంది. వద్దంటే నేనెందుకు కడతాను? మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి చెప్తే నాకెలా తెలుస్తుంది?"

"ఒకసారి చెప్పాను," అంది ఆమె. "ఆ మిల్లు యజమాని ఇల్లు కట్టేటప్పుడు. నేను పైపు పట్టుకుని, నీళ్ళు ఇంకా నిలవలేదు, గీత పెట్టకండి అన్నాను. పనివాళ్ళందరి ముందూ ఏమన్నారో గుర్తుందా?"

ఆయన గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. నిజంగానే చూశాడు.

"ఆ గోడ గుర్తుంది. వంకరొస్తే పడగొట్టి మళ్ళీ కట్టాను. ఎవడో కుర్రమేస్త్రి పొరపాటని..."

"మీకు గోడ గుర్తుంది. నాకు మాట గుర్తుంది. పైపు పట్టుకోమన్నాను గానీ నోరు తెరవమన్నానా అన్నారు. అందరూ నవ్వారు. ఆ యజమాని భార్య కూడా నవ్వింది. అప్పుడు చిట్టి నా కడుపులో ఉంది. మీ ఇష్టం అన్నాను. ఆ రోజు నుంచీ మీ ఇష్టమే." ఆమె తొట్టి అంచు పట్టుకుని నిలబడింది. "గోడ పడగొట్టి మళ్ళీ కట్టినవాళ్ళు, ఇంటికొచ్చి నువ్వన్నదే నిజం అని ఒక్క మాట అంటే సరిపోయేది. చూశాను. ఆ మాట కోసం చాలా రోజులు చూశాను."

మేస్త్రి పలక అంచు మీద కూలబడ్డాడు. ఆ మాట తను అన్నట్టు ఆయనకి ఇప్పటికీ గుర్తు రాలేదు. ఆయన్ని కోసేసింది కూడా అదే. అనేసి మరిచిపోయిన మాట ఒకటి ఈ ఇంట్లో ముఫ్ఫై ఏళ్ళుగా తిని, తిరిగి, తనతోపాటు ఉంటోంది, తనకి తెలియకుండా.

"నాదీ తప్పేలెండి," అంది ఆమె, గొంతు తగ్గించి. "మొన్న గుడ్డ చూసి కూడా ఊరుకున్నాను. వంకర రానీ, తెలిసొస్తుంది అనుకున్నాను. మీరు పట్టా కప్పి అంత మురిసిపోతుంటే అన్నం సయించలేదు నాకు. అప్పుడైనా చెప్పాల్సింది."

చిట్టి వెళ్ళి తల్లి పక్కన నిలబడి ఆమె చెయ్యి పట్టుకుంది. కోపంతో వచ్చిన మాటలన్నీ ఎటో పోయాయి.

"ఇప్పుడు ఇందులో కూర్చుంటే మీ అమ్మ మోకాళ్ళు బాగవుతాయా?" అని అడిగాడు ఆయన నేలకేసి చూస్తూ.

అబద్ధం చెప్పాలనిపించింది చిట్టికి. చెప్పలేకపోయింది.

"నొప్పి తగ్గుతుంది నాన్నా. అరిగింది మళ్ళీ రాదు. ఇన్నేళ్ళుగా ఆ మెట్లు... నేను కూడా ముందే చూడాల్సింది."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. మధ్యాహ్నం ఆయన తినలేదు. సాయంత్రం తొట్టిలో నీళ్ళు వదిలేశాడు. అవి పోయేదాకా పక్కనే కూర్చున్నాడు.

* * *

మర్నాడు పొద్దున టీ పెడుతున్న ఆమెకి రేకుల చప్పుడు వినపడింది. వచ్చి చూస్తే మేస్త్రి షెడ్డు కప్పు విప్పుతున్నాడు. సెంట్రింగు రేకులు అప్పటికే వీధి గేటు దగ్గర పేర్చి ఉన్నాయి. తన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు సొంతంగా పనులు చేస్తున్న ఒకతన్ని వచ్చి తీసుకుపొమ్మన్నాడట. తాపీ ఒక్కటి మాత్రం విడిగా కిటికీలో పెట్టుకున్నాడు.

ఆమె టీ గ్లాసు అందించింది. ఆయన గోడల వైపు చూడలేదు. మెట్ల మీద, ఆమె పీటకి కిందగా కూర్చున్నాడు.

"తొట్టి ఎక్కడ పెట్టమంటావు?"

"మీ ఇ..." అని ఆగింది ఆమె. అలవాటు నాలుక చివరే ఉంటుంది మరి.

ఆయన తొందరపెట్టలేదు. టీ చల్లారుతున్నా గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళలేదు.

"ఇక్కడే, గట్టు మీద. కానీ అంత లోపలికి వద్దు, కొంచెం ఇటు జరపండి. అందులో కూర్చుంటే వీధి గేటు కనపడాలి నాకు. ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో చూసుకోవాలి. చాటు వద్దు. కావాలంటే ఒక తెర కడదాం."

"ఇంకా?"

"స్నానాలగది కూడా ఇటే కావాలి," అంది, కొంచెం భయంగానే.

"కడతాను," అన్నాడు ఆయన. కాసేపాగి మళ్ళీ అన్నాడు. "ఆలస్యమైంది."

"అయింది," అంది ఆమె. కాదని అనలేదు, అనాలని ఆయనా కోరుకోలేదు.

పెరటి చివర పలకని పగలగొట్టనా అని అడిగితే, ఉండనివ్వండి అంది. అది అలాగే ఉంది, ఒక పక్కకి ఒరిగి. వాన పడితే నీళ్ళన్నీ ప్రహరీ వైపుకి జారి అక్కడే నిలుస్తాయి.

గట్టు మీద మేకులు పాతడం అయ్యాక ఆయన పైపు తెచ్చాడు. రెండు చివర్లా కుక్కిన పీలికలు ఆయనే తీశాడు. ఒక చివర ఆమె చేతికిచ్చాడు. ఆమె పీట మీదనుంచి లేవకుండానే గుమ్మం చెక్క మీద ఆయన గీసిన గీతకి పైపు ఆనించి పట్టుకుంది. చేతులు మాత్రం మరిచిపోలేదు, బొటనవేలు నీళ్ళకి అడ్డం రాకుండా ఎలా పట్టుకోవాలో వాటికి తెలుసు. ఆయన రెండో చివరతో మూల మేకు దగ్గరకి వెళ్ళి, జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. అవి కూతురు ఎప్పుడో తెచ్చిపెట్టినవి. సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాడు.

"గీత పెట్టనా?"

"ఆగండి. ఇంకా నిలవలేదు."

ఆయన ఆగాడు. తన చివర నీళ్ళు కాసేపు ఊగాయి, తర్వాత చిన్నగా వణికాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. నిలిచాయని ఆయనకి కనపడుతూనే ఉంది. జీవితమంతా చూసిన నీళ్ళు అవి, ఒకరు చెప్పాల్సిన పని లేదు. కానీ ఆమె ఇంకా ఏమీ అనలేదు. పైపు వైపు తలవంచుకుని అలాగే చూస్తోంది. ఆయన సుద్ద పట్టుకుని నిలబడే ఉన్నాడు. అద్దాల వెనక కళ్ళు మసకబారుతున్నా తుడుచుకోలేదు, తుడుచుకుంటే చెయ్యి కదులుతుంది, ఆ చివర నీళ్ళు కదులుతాయి.

ఎండ గట్టు మీదకి వచ్చింది.

"నిలిచింది," అంది ఆమె. "ఇప్పుడు పెట్టండి."